ఫోను ఆయనది, మోటారు దగ్గర చెయ్యి ఆమెది

నన్ను మాట్లాడమని పిలిచిన ప్రతి కాలేజీలోనూ ముందు ఒక శాలువా కప్పుతారు. మా ఆత్మకూరు ఎండలకు మనిషికి శాలువా కప్పడం సన్మానమో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎవరో ఒకాయన మైకు పట్టుకొని, స్త్రీ తలుచుకుంటే సాధించలేనిది లేదని, ఇల్లాలే ఇంటికి దీపమని, ఇంకా నోటికొచ్చినవన్నీ చెప్పి, "మేడమ్ గారు తమ విజయగాథను రెండు ముక్కల్లో చెబుతారు" అని మైకు నా చేతిలో పెడతాడు. అప్పటికి టైమంతా ఆయనే తినేసి ఉంటాడు. ముందు వరుసలో ఆడపిల్లలు ఆవలిస్తుంటారు. వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

ఆ రెండు ముక్కల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. నా పేరు షమీమ్. పుట్టింది ఉదయగిరిలో. పొలాల్లో మోటార్లను ఫోనుతో నడిపే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఆత్మకూరులో పెట్టి, మొన్నమొన్నటి దాకా నడిపాను. ఇప్పుడు దాన్ని నా దగ్గర పనిచేసిన అమ్మాయిలకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. నాకొచ్చిన అవార్డుల గురించి రాయను. వాటి గురించి ఇచ్చినవాళ్లే పేపర్లలో రాయించుకున్నారు. ఈ పనిలోకి దిగబోయే ఆడపిల్లలకు అసలు ఈ పని ఏమిటో చెప్పాలని ఉంది. మాట కొంచెం కటువుగా ఉంటుంది. నా నోరు చిన్నప్పటినుంచీ అంతే, మా అమ్మ కూడా దాన్ని బాగుచెయ్యలేకపోయింది.

పరదా వెనక

మా ఇంట్లో అందరూ చెక్క గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లు. మా అమ్మ ఆకురాయి పట్టుకుంటే గరిటె కాడ మీద పువ్వు లేచేది. నాకు ఆ పువ్వు రాలేదు గానీ, వేలు వణకకుండా సన్నపని చేసే ఓపిక మాత్రం ఆమె దగ్గరే అబ్బింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఆత్మకూరు బస్టాండు దగ్గర శేషయ్య గారి టీవీ రిపేరు షాపులో పనికి చేరాను.

శేషయ్య గారు నన్ను పనిలో పెట్టుకున్న రోజునే షాపు మధ్యలో ఒక పరదా కట్టించాడు. ఆయన ముందు కుర్చీలో, నేను పరదా వెనక బల్ల దగ్గర. టీవీ తెచ్చినవాళ్లతో ఆయన మాట్లాడేవాడు. లోపలికి తెచ్చి నా ముందు పెట్టేవాడు. నేను విప్పి, తప్పు పట్టుకొని, అతికించి ఇస్తే, ఆయన బయటికి పోయి చొక్కా చేతులు మడుచుకుంటూ, "చూసినా. కండెన్సరు పోయుండాది. మార్చినా" అనేవాడు.

"నీకోసమే ఆ పరదా, షమీమమ్మా. ఆడమనిషి విప్పిందని తెలిస్తే గిరాకీ పోతాది. గిరాకీ పోతే నిన్ను యాడ పెట్టుకోను?" అని నాతో మర్యాదగానే అనేవాడు.

ఒకసారి ఆయన పెళ్లికి పోయినప్పుడు షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒక పెద్దమనిషి టీవీ ఎత్తుకొచ్చాడు. "శేషయ్య లేడా?" అన్నాడు. లేడు, నేను చూస్తాను అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "వద్దులేమ్మా, ఇది శానా సున్నితమైన సరుకు. ఆయనొచ్చినాక తెస్తా. పోయినసారి గూడా ఆయన చెయ్యి పడినాకే పలికింది" అని టీవీని మళ్లీ భుజానికెత్తుకున్నాడు. పోయినసారి ఆ టీవీ విప్పింది నేనే. దాని లోపల నా అతుకులు నాకు తెలుసు. అంత బరువు మోసుకొని ఎండలో వెనక్కి పోతుంటే చూసి నవ్వుకున్నాను.

శేషయ్య గారు చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. చెడ్డవాడైతే పోట్లాడి బయటికొచ్చేదాన్ని. మంచివాడు కట్టిన పరదాలోంచి బయటికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీకూ ఇలాంటి మంచివాళ్లు దొరుకుతారు. "నీ మంచికే" అన్న మాట వినపడితే చెవులు రిక్కించండి.

పచ్చళ్ల యాప్

టీవీలు రిపేరుకు రావడం తగ్గి సెల్‌ఫోన్లు వచ్చాయి. మా పడమటి మెట్టలో నీళ్లంటే బోరే. త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. వచ్చిందని తెలిసి పొలానికి పరుగెత్తేలోపల పోతుంది. ఫోన్లో మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరిగే పెట్టె అప్పటికే కొన్ని ఊళ్లలో అమ్ముతున్నారు. మా కరెంటు ఎగుడుదిగుళ్లకు అవి వానాకాలం రాకముందే మాడిపోయేవి. మాడని పెట్టె నేను తయారుచేశాను. నా గొప్పంతా అంతే. దాన్ని పట్టుకొని ఒక అద్దె గదిలో, ఇద్దరమ్మాయిలతో కంపెనీ పెట్టాను.

అప్పుడు నాకు సలహాలిచ్చేవాళ్లు పుట్టుకొచ్చారు. హైదరాబాదులో ఆడవాళ్ల కంపెనీలను ప్రోత్సహించే పోటీ ఒకటి ఉందంటే పోయాను. అద్దాల గదిలో నలుగురు కూర్చున్నారు. పెట్టె విప్పి చూపించాను. ఎవరూ వంగి చూడలేదు. 

"దీంట్లో టెక్నికల్ పార్ట్ ఎవరు చూస్తారండీ?" అన్నాడు ఒకాయన.

"నేనే సార్."

"అంటే, మీ వెనక?"

నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. గోడ ఉంది. "గోడ ఉంది సార్" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

వాళ్లలో ఒకావిడ, చాలా ప్రేమగా, "షమీమ్ గారూ, మోటార్లూ కరెంటూ ఎందుకు? మీ నెల్లూరు వైపు రుచులు బాగుంటాయి కదా, మహిళలు చేసే పచ్చళ్లు అమ్మే యాప్ పెట్టండి, మేం వెంట ఉంటాం" అంది. నేను జన్మలో ఆవకాయ పెట్టలేదు. పెట్టినా మా ఇంట్లో ఎవరూ తినరు. ఫొటో తీసే అబ్బాయి మాత్రం వాళ్లకంటే తెలివైనవాడు. "మేడమ్, బురఖా వేసుకుంటే ఫొటో ఇంకా బాగా పేలుతుంది" అన్నాడు. నేను చీర కట్టుకొని పోయానని వాడికి బాధ. ముసల్మాను ఆడది, పల్లెటూరు, చేతిలో సాల్డరింగు కడ్డీ, ఒంటి మీద బురఖా. వాడికి కావలసిన బొమ్మ వాడి బుర్రలో ముందే అచ్చయి ఉంది.

వాళ్లు మిమ్మల్ని మెచ్చుకుంటారు, కానీ మీరు చేసిన వస్తువును ముట్టుకోరు. మీ వస్తువును విప్పి చూసి తిట్టినవాడి దగ్గర కూర్చోండి, వాడితో పని జరుగుతుంది.

రైతు ఎవరు?

కలిగిరిలో మోటార్లు, పైపులు అమ్మే మాలకొండారెడ్డి గారు నా పెట్టెను విప్పి చూశాడు, తిట్టాడు, తర్వాత తీసుకున్నాడు. అందుకు ఆయన మీద నాకు గౌరవమే. ఆయన షాపు నుంచే నా పెట్టెలు పల్లెలకు పోయేవి. వేరే దారి నాకు లేదు. ఆయన కాదంటే నా కంపెనీకి తాళమే.

పెట్టెకు ఒక నెంబరు నేర్పాలి. ఆ నెంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తే మోటారు తిరుగుతుంది, మళ్లీ ఇస్తే ఆగుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది నెంబర్లు నేర్పే వీలు నేను పెట్టాను. మా వైపు మడిలో దిగి కాలవలు తిప్పేది, బోరు దగ్గర గడ్డి కోసేది, వైరు తెగితే చూసేది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లు ఆత్మకూరులోనో కలిగిరిలోనో ఆఫీసుల చుట్టూ, టీ అంగళ్ల చుట్టూ ఉంటారు. కాబట్టి ఆడవాళ్ల నెంబరు కూడా వేస్తారనుకున్నాను.

రెడ్డిగారి మనుషులు బిగించి వచ్చిన పెట్టెలన్నింటిలోనూ ఒకే నెంబరు ఉండేది, మగాయనది. ఎందుకట్లా అని ఆయన్ను అడిగాను.

"రైతు నెంబరు ఎయ్యమంటిరి కదమ్మా. రైతుది ఏసినాం."

"పొలంలో ఉండేది ఆమె కదా రెడ్డిగారూ."

"పట్టా ఎవరి పేరన ఉండాది? ఆయన పేరన. మరి రైతు ఎవురు?" అని, నాకే ఏదో చదువు తక్కువైనట్టు చూసి, "ఆడోళ్లకి ఫోను నొక్కేది ఏం తెలుసు, బూబమ్మా? నువ్వు జేసేది జెయ్యి, అమ్మేది నాకొదులు" అన్నాడు. మా వైపు ముసల్మాను ఆడవాళ్లను బూబమ్మ అనే పిలుస్తారు.

ఫోను నొక్కడం తెలియదని చెప్పింది ఎవరితో? ఆ ఫోను మాట వినే పెట్టెను తయారుచేసిన ఆడదానితో. ఆయనకు ఆ సంగతి తట్టనే లేదు.

ఓబులమ్మ చెయ్యి

కలిగిరి అవతల ఒక పల్లెలో ఓబులమ్మ, చెన్నయ్య అని మొగుడూపెళ్లాలు. వాళ్ల బోరు దగ్గర మోటారుకు పోయే వైరు అతుకు ఊడింది. మోటారు ఆగి ఉంది కదా అని ఓబులమ్మ బురదలో నిలబడి, సైకిల్ ట్యూబు ముక్కతో ఆ అతుకు చుడుతోంది. చెన్నయ్య ఆత్మకూరు డిపో దగ్గర టీ తాగుతున్నాడు. కరెంటు వచ్చిందని ఎవరో చెప్పగానే, మంచివాడిలాగా, మడికి నీళ్లు పారాలని ఫోను నొక్కాడు.

నేను ఆస్పత్రికి పోయేసరికి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుతో ఉంది. బురదలో వెనక్కి పడబట్టి బతికింది. పక్క మడిలో వాళ్లు కర్రతో వైరు నెట్టారట. చెన్నయ్య గోడకు ఆనుకొని నిలబడి, "నాకేం తెలుసు? నీళ్లు పారతాయని నొక్కినా" అని వచ్చినవాళ్లందరికీ అదే మాట చెబుతున్నాడు.

ఓబులమ్మ నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. 

"మీ పెట్టె తప్పేం లేదు, బూబమ్మా. అది ఆయన మాట బాగా ఇంటాది" అంది. కట్టున్న చెయ్యి ఒళ్లోకి తీసుకొని, "నేను యాడుండానో ఆయనకి తెలీదు. దానికీ తెలీదు" అంది.

నేను ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

మాలకొండారెడ్డి గారు మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. "ఫ్యూజులు పీకకుండా చెయ్యి పెడితే ఏమైతాది? ఆమె తప్పు" అన్నాడు. ఆయన మనుషులు ఫ్యూజులు బిగించింది మగవాడి చేతికి అందే ఎత్తులో. ఓబులమ్మ మునివేళ్ల మీద లేచినా అందవు. నేను పోయి చూసి వచ్చాను.

మా అద్దె గదే మా షాపు, నాతో ఉన్న ఇద్దరమ్మాయిల్లో ఒకతి సుజాత. ఇప్పుడు కంపెనీ నడిపేది ఆమే. ఆమెది కూడా పొలం పనుల ఇల్లే. అందరి నెంబర్లూ తప్పనిసరిగా వేయించాలని నేను గింజుకుంటుంటే, "వెయ్యరక్కా. మా అత్తకి అసలు ఫోనే లేదు. నెంబరంటే మళ్లా ఎవురో ఒకరు ఎక్కించాల. పెట్టెకి ఒక తాళం పెడదాం. బోరు దగ్గర పనుంటే చెవి పీకి కొంగున కట్టుకుంటాది. చెవి లేకపోతే పెట్టె ఎవురు నొక్కినా తిరగకూడదు" అంది.

అదే చేశాం. తాళంచెవి పెట్టెలో ఉంటేనే ఫోను మాట వింటుంది. చెవి పీకితే, నొక్కేది జిల్లా కలెక్టరైనా సరే, మోటారు కదలదు. తాళంచెవి ఒక్కటే ఇస్తాం, పొలంలో పనిచేసే మనిషి చేతికి ఇస్తాం. రెండో చెవి లేదు.

"మా కంపెనీ యాడుండాది?"

తాళం పెట్టె చూసి మాలకొండారెడ్డి గారు నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"మొగోడు ఫోను నొక్కితే ఆడది ఒప్పుకుంటేనే మోటారు తిరగాల్నా? ఎవురు కొంటారమ్మా ఇది? సంసారాల్లో చిచ్చు పెడతా ఉండావు."

"చిచ్చు కాదు రెడ్డిగారూ, చెయ్యి కాలకుండా ఉంటుంది."

"పాత పెట్టెలే పంపించు. లేదంటే నీ సరుకు నాకొద్దు."

నాకు నిద్ర పట్టలేదు. అద్దె గది, ఇద్దరమ్మాయిలు, వాళ్ల ఇళ్లు. పాత పెట్టె పంపితే ఇంకో ఓబులమ్మ. ఆమె ఈసారి ముందుకు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. పంపనని చెప్పాను. నా సరుకంతా ఆటోలో వేసి వెనక్కి పంపించాడు. ఆటోవాడికి కిరాయి కూడా నన్నే ఇమ్మన్నాడు.

ఆరేడు నెలల్లోనే ఆయన పాత పెట్టెలాంటిదే ఎక్కడినుంచో తెప్పించి, తన భార్య సుభద్రమ్మ గారి పేరుతో కంపెనీ పెట్టాడు. ఆడవాళ్ల పేరుంటే రాయితీలుంటాయి కదా. పెద్ద సభ పెట్టి ఆమెకు "ఆదర్శ మహిళా పారిశ్రామికవేత్త" అని సన్మానం చేశారు. నన్నూ పిలిచారు, పోయాను. ఇలాంటివి చూడకపోతే నాకు తోచదు. వక్త ఆమె పట్టుదల గురించి, టెక్నాలజీలో ఆమె దూరదృష్టి గురించి చెబుతుంటే ఆమె బిత్తరపోయి అటూ ఇటూ చూస్తోంది. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చే సమయానికి, "దంపతులిద్దరూ రావాలి" అన్నారు. జ్ఞాపిక ఆయన చేతుల్లోకి పోయింది. ఆమె దాని అంచు పట్టుకొని ఫొటోకు నిలబడింది.

భోజనాల దగ్గర ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. మెల్లగా, "షమీమక్కా, మా కంపెనీ యాడుండాది? ఒకసారి చూపిస్తావా? నన్నెవురూ తీసకపోలా" అంది.

నాకు వడ్డించిన లడ్డు ఆకులోనే వదిలేశాను. ఆమెను చూసి ఎగతాళి చెయ్యాలని పోయినదాన్ని. కలిగిరిలో వాళ్ల గోడౌనుకు నేనే ఆటోలో తీసుకుపోయాను. ఆమె బోర్డు మీద తన పేరు చాలాసేపు చదువుకుంది. లోపల పనివాళ్లు ఆమెను చూసి, "ఎవురు కావాలమ్మా?" అన్నారు.

ఆడవాళ్ల కంపెనీలు పెరుగుతున్నాయని సభల్లో చప్పట్లు కొడతారు. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూడాలంటే బోర్డు చదివితే చాలదు, లోపలికి పోయి యజమానురాలిని అడగాలి. మీలో ఎవరినైనా సంతకం పెట్టమని మీ ఇంట్లోవాళ్లు కాగితం తెస్తే, కంపెనీ చూపించిన తర్వాతే పెడతానని చెప్పండి. ఊరేగింపులో బొమ్మలాగా సన్మానాలకు కూర్చోకండి.

అడుగు

తాళం పెట్టెలను మేమే అమ్ముకోవాల్సి వచ్చింది. సుజాత, నేను ఆటోలో వేసుకొని సంతలకు పోయేవాళ్లం. మగవాళ్లు నవ్వి పోయేవాళ్లు. ఆడవాళ్లు ఆగి తాళం పీకి, పెట్టి, మళ్లీ పీకి చూసేవాళ్లు. కొనేది మాత్రం ఇంటికి పోయి అడిగాకే. అడిగినవాళ్లలో సగం మంది మళ్లీ రాలేదు. ఒక్కోసారి తెచ్చిన సరుకంతా తిరిగి మోసుకొచ్చేవాళ్లం. అయినా మెల్లగా అక్కడొకటి, ఇక్కడొకటి పోయాయి. ఓబులమ్మ ఇంటికి మాత్రం మేమే పోయి పాత పెట్టె తీసేసి తాళం పెట్టె బిగించాం. ఆమె చేతికి అందే ఎత్తులో బిగించాం. చెయ్యి మానినా చిటికెన వేలు మడవలేకపోయేది. తాళంచెవి మిగతా వేళ్లతో తీసి కొంగున ముడేసుకుంది.

కొన్నాళ్లకు చెన్నయ్య మా షాపుకు వచ్చాడు. 

"బూబమ్మా, మీ పెట్టె చెడిపోయుండాది. ఇప్పుడే డిపో కాడ నుంచి నొక్కినా. తిరగడం లే."

"తాళం పీకి ఉంటుంది" అంది సుజాత.

"తాళం దాని కొంగున ఉండాది. నిన్న గూడా అంతే. ఎప్పుడు పీకతాదో, ఎప్పుడు పెడతాదో నాకు చెప్పదు. ఇంకో చెవి ఇయ్యండి, నా కాడ పెట్టుకుంటా."

"ఇంకోటి లేదు చెన్నయ్యా" అన్నాను.

"చేపించండి. ఎంతైతే అంత లెక్క ఇస్తా."

"చేయించము."

ఆయనకు కోపం వచ్చింది. "పొలం నాది. మోటారు నాది. కరెంటు మీటరు నా పేరన ఉండాది. నా మోటారు ఏసుకునేదానికి నేనేం జెయ్యాల?"

"ఆమెను అడగాలి."

"ఏందీ?"

"అడుగు. ఆమె దగ్గర ఫోనుంది కదా ఇప్పుడు. మోటారు ఎయ్యమంటావా అని అడుగు."

చెన్నయ్య నావంక చూశాడు. సుజాత వంక చూశాడు. అప్పటికి పనిలో చేరిన మిగతా అమ్మాయిలు తలలు వంచుకొని పని చేస్తున్నట్టు నటిస్తున్నారు, కడ్డీలు మాత్రం ఎవరివీ కదలడం లేదు. వెళ్లిపోతాడనుకున్నాను. గుమ్మం దాకా పోయాడు. అక్కడ ఆగి, మాకు వీపు పెట్టి, ఫోను తీశాడు. చాలాసేపు మోగింది.

"ఏమ్మే," అన్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "మోటారు ఎయ్యమంటావా?"

ఓబులమ్మది పెద్ద గొంతు. షాపంతా వినపడింది.

"వొద్దు, ఉండు! అతుకు కాడ ఉండాను. చెయ్యి తీసి, తాళం పెట్టి చెప్తా. అప్పుడు నొక్కు."

"ఊఁ" అన్నాడు చెన్నయ్య. ఫోను పెట్టెయ్యలేదు. చెవి దగ్గరే పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం పోయింది. ఆస్పత్రిలో గోడకు ఆనుకున్న రోజు ఉన్న ముఖం వచ్చింది.

సుజాత లేచి కుర్చీ జరిపింది. 

"కూర్చో చెన్నయ్యా, ఆమె చెప్పిందాకా కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు.